ఒక ఎకరం వరికి ఇరవై నాలుగు ఎకరాల వాన

2013 మే నెల, కదిరి వైపు ఒక పల్లె. బోరు మూత తీసి నీటిమట్టం కొలిచే టేపు లోపలికి వదులుతున్నాను. టేపు కొసన ఉన్న గుండు నీళ్ళను తాకితే పైన రీలులో బజర్ మోగుతుంది. వంద మీటర్ల టేపు మొత్తం లోపలికి పోయింది, బజర్ మోగలేదు. బోరు రైతు నా పక్కనే గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. "ఇంకొంచెం వదులు సార్" అన్నాడు. వదలడానికి టేపు లేదు.

అది ఆ పొలంలో ఆయన వేయించిన ఏడో బోరు. దాని మీద ఆధారపడి రెండెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. అప్పటికే ఆకు ముడుచుకుని ఎండుపుల్లలు కనిపిస్తున్నాయి. ఆ వేసవి దాటేలోపే తోట పోయింది, చెట్లు నరికి కట్టెలకింద అమ్మేశాడు.

భూగర్భజలాల మీద పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. ఆ ఊళ్ళో పదకొండేళ్ళ పాటు ఏం చేశామో, ఎక్కడ తప్పు చేశామో రాస్తున్నాను. ఊరి పేరు రాయడం లేదు. వాళ్ళ గొడవలు వాళ్ళవి, అవి నా పేరు మీద ఊరేగడం బాగుండదు. అప్పట్లో అది అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా.

ఊరి బోర్ల కథ

మా ప్రాంతంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. నేల కింద ఉన్నది నల్లరాయి. దాని పైన నలభై, యాభై అడుగుల దాకా కాలక్రమంలో మెత్తబడిన మొరం ఉంటుంది. నీళ్ళు నిలిచేది ప్రధానంగా ఆ మొరంలోనే. నూరు బుట్టల మొరంలో తోడుకోగలిగే నీళ్ళు ఒకటి నుంచి మూడు బుట్టలు మాత్రమే. అంతకన్నా కిందికి పోతే రాతిలో నెర్రెలు దొరకాలి. దొరికితే అదృష్టం, లేకపోతే బోరు బండి దగ్గర దుమ్ము లేస్తుంది.

వెనకటి తరం నలభై అడుగుల బావుల నుంచి ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తోలారు, తర్వాత మోటార్లు పెట్టారు. ఆ బావులు ఎండాక బోర్లు వచ్చాయి. 2004లో సేద్యానికి ఉచిత కరెంటు వచ్చింది. అది ఎందరో రైతుల అప్పు భారం తగ్గించిన మాట నిజం, దాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. అయితే అప్పట్లో ఏడు గంటల కరెంటు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు కాబట్టి ప్రతి మోటరుకూ ఆటో స్టార్టర్ బిగించారు. కరెంటు వచ్చిన క్షణం ఊళ్ళో మోటార్లన్నీ ఒకేసారి లేచేవి. రాత్రి రెండింటికి వచ్చినా సరే, మడి నిండినా సరే, నీళ్ళు పారుతూనే ఉండేవి.

2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. కొత్త బోరు వేయాలంటే అనుమతి కావాలి, తాగునీటి బోరుకు 250 మీటర్లలోపు వేయకూడదు. కాగితం మీద మంచి చట్టమే. ఊళ్ళోకి మాత్రం చీకటి పడ్డాక తమిళనాడులోని తిరుచెంగోడు బోరు బండి వచ్చేది. తెల్లారేసరికి ఆరువందల అడుగులు దింపి వెళ్ళిపోయేది. పాయింట్ చూడడానికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని తిరిగే ఆయన ఉండేవాడు. మా సంస్థ తరఫున, నేలలోకి కరెంటు పంపి నీటి జాడ వెతికే రెసిస్టివిటీ యంత్రంతో నేనూ పాయింట్లు చూశాను. నిజాయితీగా చెప్పాలంటే ఆ ఊరి వరకు నా యంత్రానికీ ఆయన టెంకాయకూ పెద్ద తేడా కనబడలేదు. రాయి కింద నీళ్ళు అయిపోయాక ఎవరు చూసినా ఒకటే.

మొదటి నెలలో చేసిన పని ఊరి పటం గీయడం. పంచాయతీ ఆఫీసు గోడ మీద సున్నం కొట్టి, ఇప్పటిదాకా వేసిన ప్రతి బోరుకూ ఒక చుక్క పెట్టమన్నాం. నీళ్ళున్న దానికి నీలం, ఎండిన దానికి ఎరుపు. సాయంత్రానికి గోడ నిండా ఎర్ర చుక్కలు. ఎవరి బోరు ఎవరికి తెలియనిది కాదు. అయినా అన్నీ ఒకేచోట చూసేసరికి కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 63 చుక్కల్లో 17 నీలం.

మొదటి లెక్క

ప్రపంచంలో మనుషులు వాడుకునే మంచినీటిలో దాదాపు 70 శాతం సేద్యానికే పోతుంది. ప్రపంచమంతా తోడే భూగర్భజలంలో నాలుగో వంతు ఒక్క మన దేశమే తోడుతుంది, అందులోనూ 87 శాతం దాకా పంటలకే. ఇవి మీటింగుల్లో మొదటి స్లైడుకు బాగుంటాయి. ఊళ్ళో రచ్చబండ దగ్గర వీటితో ఒక్క మాట కూడా ముందుకు సాగదు. అక్కడ పనికొచ్చింది ఒక డ్రమ్ము.

ఊళ్ళో ఓ మోస్తరు బోరు ఒకటి తీసుకున్నాం. దాని గొట్టం కింద రెండువందల లీటర్ల డ్రమ్ము పెట్టి, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేశాం. రెండు నిమిషాల్లో నిండింది. అంటే గంటకు ఆరువేల లీటర్లు, ఏడు గంటలకు 42 వేలు. వరి పంట కాలం 120 రోజులు. మొత్తం 50 లక్షల లీటర్లు. ఎకరం వరికి నారుమడి నుంచి కోత దాకా పట్టే నీళ్ళు సుమారు 1,200 మిల్లీమీటర్లు, లీటర్లలో చెబితే నలభై ఎనిమిదిన్నర లక్షలు. అంటే ఆ బోరు నాలుగు నెలలు ఆగకుండా పోస్తే పండేది ఒక్క ఎకరం వరి.

ఇక పైనుంచి వచ్చేది. 550 మిల్లీమీటర్ల వానలో మా రకం నేలల్లో భూమిలోకి ఇంకేది తొమ్మిది పది శాతం. 50 మిల్లీమీటర్లు అనుకుందాం. ఎకరానికి రెండు లక్షల లీటర్లు. ఒక ఎకరం వరికి నలభై ఎనిమిదిన్నర లక్షలు కావాలంటే ఇరవై నాలుగు ఎకరాల మీద ఏడాది పొడుగునా ఇంకిన నీళ్ళు తోడాలి. వరి మడిలో పెట్టిన నీళ్ళలో కొంత మళ్ళీ కిందికే దిగుతాయి. ఆ వాటా తీసేస్తే పదహారు ఎకరాలు అనుకోవచ్చు. ఇరవై నాలుగు కానివ్వండి, పదహారు కానివ్వండి, "నా బోరు, నా నీళ్ళు" అనే మాట నిలబడదు. ఎకరం మడి ఉన్న రైతు పక్కన పదిహేను మంది వాన తోడుకుంటున్నట్టు లెక్క.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. 2000ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో, ఆరువందల పైచిలుకు పల్లెల్లో, రైతులే వాన కొలిచి, బోర్లు కొలిచి, పంటల నీటి బడ్జెట్ వేసుకునే ప్రాజెక్టు నడిచింది. ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనేవారు. ఎవరినీ ఏదీ మానమని చెప్పలేదు, లెక్క చూపించి నిర్ణయం రైతుకే వదిలేశారు. నేను పని నేర్చుకున్నది అలాంటి ఊళ్ళలోనే. డబ్బు ఆగాక చాలా ఊళ్ళలో కొలతలూ ఆగిపోయాయి. అది గుర్తుపెట్టుకునే ఈ ఊళ్ళో అడుగుపెట్టాం. అయినా తప్పు చేశాం.

ఊరి విస్తీర్ణం దాదాపు వెయ్యి ఎకరాలు. ఎకరానికి రెండు లక్షల చొప్పున ఇరవై కోట్ల లీటర్లు జమ అని గోడ మీద రాశాను. ఖర్చు రాయడం మొదలుపెట్టేసరికి వెనక నుంచి ఒక పెద్దామె లేచింది. గొర్రెలు తోలుకునే మనిషి, మీటింగుకు పిలిస్తే వచ్చింది కాదు, నీడ కోసం కూర్చుంది.

"ఆ గుట్ట గూడా కలిపినావా నాయనా?"

"కలిపినామమ్మా, అది కూడా ఊరి భూమే గదా."

"బండ మీద పడిన నీళ్ళు బండలోకి దిగుతాయా? వంకలో పడి కిందూరి చెరువుకు పోతాయి. అవి మన ఖాతాలో ఎట్ల రాసినావు?"

గుట్ట మూడువందల ఎకరాలు. నిటారు బండ నేలను ఇంకే లెక్కలో కలపకూడదని నేను చదువుకున్న మొదటి పాఠమే. తొందరలో ఊరి విస్తీర్ణం అంకె చూసి రాసేశాను. ఇరవై కోట్లు కొట్టేసి పద్నాలుగు రాశాను. మనుషుల తాగునీళ్ళు, పశువులు, గొర్రెలకు రెండు కోట్లు తీసేస్తే పన్నెండు. ఊళ్ళో బాగా వాన పడిన ఏడాది వరి 45 ఎకరాలు. మడిలోంచి తిరిగి ఇంకేది తీసేసినా వరి ఒక్కటే పద్నాలుగు కోట్లు తాగుతుంది. దానికి పైన మల్బరీ, చీనీ, టమాట.

ఆ తప్పు వల్ల ఒక మేలు జరిగింది. సార్ లెక్క తప్పితే సరిచేయొచ్చు అని ఊరికి అర్థమైంది. తర్వాత ఏ మీటింగులో అయినా గోడ మీది అంకెల్ని ఎవరో ఒకరు కెలుకుతూనే ఉన్నారు.

బోర్లు కలపడం

వర్షాధార చెనిక్కాయ (వేరుశనగ) మా ప్రాంతం ప్రధాన పంట. జూన్, జులైలో పదును కాగానే విత్తుతారు. ఆగస్టులో ఊడలు దిగే వేళకు ఇరవై, ముప్పై రోజులు వాన లేక బెట్ట పట్టిందంటే పంట పోయినట్టే. ఆ సమయంలో ఒక్క తడి ఇవ్వగలిగితే చాలు. ఒక తడి అంటే 50 మిల్లీమీటర్లు, ఎకరానికి రెండు లక్షల లీటర్లు. స్ప్రింక్లర్లతో అయితే ముప్పైతో సరిపెట్టొచ్చు. ఒక ఎకరం వరి నీళ్ళతో ఇరవై నాలుగు ఎకరాల చెనిక్కాయకు ఒక తడి అందుతుంది, స్ప్రింక్లర్లతో నలభై ఎకరాలకు. బోరున్న రైతుకు ఎకరం వరి, లేదా బోరు లేని వాళ్ళతో సహా నలభై ఎకరాల చెనిక్కాయ. ప్రతిపాదన ఇదీ: తొమ్మిది బోర్లను భూమిలో పూడ్చిన పీవీసీ పైపులతో ఒకదానికొకటి కలిపి, పొలాల మధ్య గేటు వాల్వులు పెట్టి, బెట్ట వచ్చినప్పుడు 120 ఎకరాలకు వంతుల వారీగా తడి ఇవ్వడం.

ఇలాంటి ఏర్పాటు జిల్లాలో అంతకుముందే కొన్ని ఊళ్ళలో జరిగింది. కాబట్టి చూపించడానికి తీసుకెళ్ళగలిగాం. బోరు లేని వాళ్ళు ఒప్పుకోవడంలో వింత లేదు. బోరున్న వాళ్ళు ఎందుకు ఒప్పుకుంటారు?

ఒప్పించింది నేను కాదు, ఎండిన చీనీ తోట రైతు. "నాకు ఏడు బోర్లు. పెళ్ళాం మెడలో గొలుసు, రెండెకరాల భూమి, రెండూ ఆ బొక్కల్లోకే పోయినాయి. ఆ వారం పక్కాయన బోరు నుంచి నాకు నాలుగు తడులు వచ్చుంటే తోట బతికేది. ఈ రోజు నీ బోరు పోస్తాంది. రేపు?" అన్నాడు. బోరు ఎప్పుడైనా ఆగిపోవచ్చనే భయం ప్రతి బోరు రైతుకూ ఉంటుంది. పైపుతో కలిపితే ఒకరి బోరు ఆగినా మరొకరిది పోస్తుంది. పరోపకారం మీద నడిచే ఏర్పాట్లు నేను చాలా చూశాను, రెండో ఏడాదికి చాలించుకుంటాయి. ఇది బీమా కింద అర్థమైంది కాబట్టి నిలబడింది.

2014 జూన్‌లో స్టాంపు పేపరు మీద రాసుకున్నారు. పదేళ్ళపాటు కొత్త బోరు వేయకూడదు. బోరు రైతుకు తన సొంత పొలంలో ఏడాదంతా ఒక ఎకరం ఆరుతడి పంటకు (మడిలో నీళ్ళు నిలపకుండా అప్పుడప్పుడు తడిపేది) నీళ్ళు ముందు, మిగతాది ఉమ్మడి. రబీలో వరి లేదు. ఆటో స్టార్టర్లు తీసేయాలి.

చివరి షరతు దగ్గర వారం రోజులు ఆగింది. రాత్రి కరెంటుకు పొలం పోయి మోటరు వేయాలంటే పాములు, తేళ్ళు. కరెంటు తీగలు తగిలి చనిపోయిన మనిషి ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు, ఈ ఊళ్ళోనూ ఉన్నాడు. చివరకు ఇద్దరు కుర్రాళ్ళను జీతానికి పెట్టుకున్నారు, నీళ్ళు తిప్పడానికి, మోటార్లు వేయడానికి. ఒకేసారి అన్ని మోటార్లు లేవకపోవడంతో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడం తగ్గింది. మేం ఊహించని లాభం అది. అంతకుముందు ట్రాన్స్‌ఫార్మర్ కాలితే రిపేరుకు చందాలు వేసుకుని వారం రోజులు ఎదురు చూసేవాళ్ళు.

2016 ఆగస్టు

ఆ ఏడాది జిల్లా అంతా విత్తనం బాగా పడింది. ఆగస్టులో చినుకు లేదు. పంటను కాపాడడానికి ప్రభుత్వం ట్యాంకర్లతో నీళ్ళు తోలి రెయిన్ గన్లతో తడిపే కార్యక్రమం పెట్టిన ఆగస్టు అదే. మా ఊళ్ళో పైపుల మీద 120 ఎకరాలకూ ఒక తడి పూర్తయింది. కొన్ని పొలాలకు ఆలస్యంగా అందింది, రెండు పొలాల దగ్గర వాల్వుల మీద గొడవ జరిగింది, ఒకచోట రాత్రికి రాత్రి ఎవరో గేటు మార్చారు. అయినా కాయ గట్టిపడింది. పక్క ఊళ్ళో చాలా పొలాలు పశువులకు మేతకే పనికొచ్చాయి.

ఆ తర్వాత రెండేళ్ళు మా ఊరికి బస్సుల్లో మనుషులు వచ్చారు. ఫొటోలు, శాలువాలు. నేనూ రెండు సెమినార్లలో స్లైడ్లు వేశాను. ఆ స్లైడ్లలో డ్రిప్ గురించి కూడా గొప్పగా చెప్పాను. తొంభై శాతం సబ్సిడీ మీద డ్రిప్ పెట్టించి నీళ్ళు మిగిల్చాం అని. వాస్తవానికి డ్రిప్ పెట్టుకున్న టమాట రైతులు అవే నీళ్ళతో ఎకరం బదులు ఎకరంన్నర వేశారు. బోరు నడిచిన గంటలు ఒక్కటి కూడా తగ్గలేదు. నీళ్ళకు ఆదాయం పెరిగింది, మంచిదే. భూమిలో మాత్రం ఒక్క చుక్క మిగల్లేదు. ఆ స్లైడు ఆ తర్వాత తీసేశాను.

నీళ్ళొచ్చాక

2020 నుంచి వానలు మొదలయ్యాయి. 2021 నవంబరులో అయితే చిత్రావతి పొంగి ఎప్పుడూ చూడని వరద. రాయలసీమలో బోర్లు మోటరు వేయకుండానే కేసింగ్ పైపు మీదుగా పొంగి పొర్లాయి. ఎనిమిదేళ్ళ క్రితం వంద మీటర్ల టేపు అందని బోరు మీద పిల్లలు స్నానం చేస్తున్న వీడియో ఒకటి నా ఫోనుకు వచ్చింది. పంపింది చీనీ తోట రైతే.

2022 జనవరిలో వెళ్ళేసరికి ఊరు చుట్టూ పచ్చగా వరి, రబీ వరి. ఒప్పందానికి ఇంకా రెండున్నరేళ్ళ గడువుంది. రెండు కొత్త బోర్లు కూడా పడ్డాయి. ఆటో స్టార్టర్లు తిరిగొచ్చాయి.

నాకు కోపం వచ్చింది. మీటింగులో కొంచెం గట్టిగానే మాట్లాడాను. ఒక కుర్ర రైతు లేచి, "సార్, నీళ్ళు లేనప్పుడు ఏం చేయాల్నో రాసుకున్యాం. నీళ్ళొస్తే ఏం చేయాల్నో కాగితంలో యాడుంది?" అన్నాడు. కాగితం తెప్పించి చూశాను, ఎక్కడా లేదు. కరువులో పుట్టిన ఒప్పందం కరువు గురించే మాట్లాడింది. బోరు పొంగుతుంటే "రబీలో వరి లేదు" అనడానికి కారణం ఏమీ రాయలేదు. ఆ నియమం ఎందుకో మాకు తెలుసు, లెక్క గోడ మీద ఉంది. కానీ గోడకు రెండేళ్ళ క్రితమే కొత్త రంగు వేశారు.

అక్కడికీ నా మనసులో ఒక ప్రశ్న మిగిలింది. వరి మీద ఇంత ఆశ ఎందుకు? ఇంట్లో తినడానికా? 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఈ ప్రాంతంలో సంగటి తగ్గి అన్నం పెరిగింది. 2013 ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు ఐదు కిలోలు, 2023 నుంచి అవీ ఉచితం. బియ్యం కోసం మడి కట్టాల్సిన అవసరం చాలా ఇళ్ళకు లేదు. ధర కోసమా? 2023-24లో వరికి మద్దతు ధర క్వింటాలుకు 2,183 రూపాయలు, రాగులకు 3,846. కాగితం ప్రకారం చూస్తే రాగి వేయాలి. కాగితం ధరకు కొనేవాళ్ళు వరికి ఉన్నంతగా రాగికి లేరు, అది నిజం. కానీ పక్కనే కర్ణాటక. అక్కడ రేషన్‌లో రాగులు ఇస్తారు, కొంటారు, వ్యాపారులు ఇక్కడిదాకా వస్తారు. అయినా వరే.

మొత్తం పదేళ్ళలో ఈ ప్రశ్న ఆడవాళ్ళను విడిగా కూర్చోబెట్టి అడగలేదు. నీటి కమిటీలో వాళ్ళు ఇద్దరుండేవారు, సంతకాలకు. అడిగితే జవాబు ఒక నిమిషంలో వచ్చింది.

"గడ్డి కోసం సార్."

గడ్డి

ఊళ్ళో ప్రతి రెండో ఇంట్లో పాడి ఆవు ఉంది. రోజూ పొద్దున, సాయంత్రం పాల కేంద్రానికి పాలు పోస్తే పది రోజులకోసారి డబ్బు వస్తుంది. కిరాణా, పిల్లల ఫీజు, మందులు అన్నీ అందులోంచే. చెనిక్కాయ డబ్బు ఏడాదికోసారి, అదీ వస్తే. ఆవుకు ఎండు మేత రోజుకు ఐదారు కిలోలు కావాలి, ఏడాదికి రెండు టన్నులు. ఎకరం వరి కోస్తే వచ్చే గడ్డి సుమారు రెండు టన్నులు. ఒక ఎకరం వరి అంటే ఒక ఆవుకు ఏడాది గడ్డివామి. చెనిక్కాయ కట్టె కూడా మంచి మేతే, కానీ బెట్ట వచ్చిన ఏడాది అది తక్కువ, ఆ ఏడాదే కొనబోతే గడ్డి ధర మండిపోతుంది.

బియ్యం రేషన్ షాపులో దొరుకుతుంది. గడ్డి ఏ షాపులోనూ దొరకదు.

మేం వరిని గింజగా లెక్కపెట్టాం. నీళ్ళు, గింజ, ధర. ఊరు దాన్ని గడ్డిగా చూసింది. పదేళ్ళ స్లైడ్లలో ఒక్కదానిలో కూడా ఆవు లేదు.

ఇలా పొరబడినవాళ్ళం మేం ఒక్కళ్ళమే కాదు. సౌదీ అరేబియా లోతైన పాత నీళ్ళు తోడి గోధుమ పండించి, 1990ల మొదట్లో ఎగుమతి కూడా చేసింది. ఆ నీళ్ళు తిరిగి నిండేవి కావని తేలాక 2008లో క్రమంగా మానేయాలని నిర్ణయించి, 2016కి ప్రభుత్వ కొనుగోలు ఆపేసింది. గోధుమ దిగుమతి చేసుకోవడం తేలికే. పశువులకు పచ్చిమేత? అక్కడి పాల కంపెనీ ఒకటి అమెరికాలో ఆరిజోనా ఎడారిలో భూములు సంపాదించి, అక్కడి బోర్ల నీళ్ళతో అల్ఫాల్ఫా గడ్డి పండించి ఓడల్లో ఇంటికి తీసుకెళ్ళింది. ఆరిజోనాలో బావులు తగ్గిపోతున్నాయని గొడవై, 2023లో అక్కడి ప్రభుత్వం తన భూముల లీజులు రద్దు చేయడం మొదలుపెట్టింది. మా ఊరి పెద్దామెకు ఈ సంగతి చెబితే, "అంత దూరం గడ్డి తోలుకుంటారా?" అని ఆశ్చర్యపోయింది. అది ఆశ్చర్యపోవాల్సిన విషయమే.

బియ్యం సంగతి కూడా అదే ఏడాది బయటపడింది. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించింది. దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు నలభై శాతం మన దేశానిది. ఆ వారం అమెరికాలో మన తెలుగువాళ్ళు ఇండియన్ స్టోర్ల ముందు సోనా మసూరి బస్తాల కోసం క్యూ కట్టారు, కొన్నిచోట్ల మనిషికి ఒకే బస్తా అని బోర్డులు పెట్టారు. మా ఊరి కుర్రాడొకడు డల్లాస్‌లో ఉంటాడు, ఇంటికి ఫోన్ చేసి "నాలుగు బస్తాలు తెచ్చిపెట్టుకున్నా" అన్నాడట. వాళ్ళమ్మ ఆ రోజు మీటింగులో నవ్వుతూ చెప్పింది. ఆ తర్వాతి నెల, 2023 ఆగస్టు, దేశంలో 1901 నుంచి నమోదైన ఆగస్టులన్నిటిలోకీ పొడిది. మా ఊళ్ళో బోర్లు పొంగడం మానేసి అప్పటికే చాలాకాలమైంది.

మార్చిన నియమం

కొత్త ఒప్పందం కుదరడానికి ఏడాది పట్టింది. ఇందులో నా పాత్ర తక్కువ, అడిగిన లెక్కలు వేసివ్వడం వరకే. అక్టోబరు చివరి ఆదివారం మూడు నిర్ణీత బోర్లలో నీటిమట్టం కొలుస్తారు. సగటు ముప్పై అడుగుల లోపు ఉంటే రబీలో ఊరు మొత్తానికి పదిహేను ఎకరాల వరి. ముప్పై నుంచి అరవై మధ్య ఉంటే ఐదెకరాలు. అరవై దాటితే వరి లేదు. నీళ్ళు ఉన్నప్పుడు ఎంత, లేనప్పుడు ఎంత, రెండూ ఒకే కాగితంలో ఉన్నాయి. టేపు ఎంత చూపిస్తే అంత.

వరి తగ్గిన చోట రాగి. రాగికి నీళ్ళు వరికి పట్టేదానిలో మూడో వంతు సుమారు, గడ్డి ఆవులు ఇష్టంగా తింటాయి, గింజ కర్ణాటక వ్యాపారి కొంటాడు. దీనికి తోడు ప్రతి పాడి ఇంటికీ ఉమ్మడి పైపు పక్కన పది సెంట్లలో పచ్చిమేతకు నీళ్ళు కేటాయించారు. ఆడవాళ్ళు పట్టుబట్టి రాయించిన షరతు ఇది. నాకు మొదట నచ్చలేదు, పచ్చిమేత నీళ్ళు బాగా తాగుతుంది. లెక్క వేసి చూస్తే పది సెంట్లు చొప్పున పాడి ఇళ్ళన్నీ కలిపినా ఏడెనిమిది ఎకరాలే. వరిలో తగ్గినదానితో పోలిస్తే పెద్దగా లెక్కలోకి రాదు.

వాన, బోర్ల కొలతలు నోట్‌బుక్‌లో రాసేది ఇప్పుడు ఒక అమ్మాయి, పాల కేంద్రంలో లెక్కలు చూసే ఆమే. వాన గేజి ఆమె ఇంటి మిద్దె మీదే ఉంది. మా కాలంలో ప్రతి పదిహేను రోజులకూ కొలిచేవాళ్ళం, ఆమె నెలకోసారి కొలుస్తుంది. చాలు అంటుంది, నిజంగానే చాలు.

2024 అక్టోబరు చివరి ఆదివారం నేనూ వెళ్ళాను. సగటు 41 అడుగులు. అంటే ఐదెకరాల వరి. ఎవరికి ఇవ్వాలన్న దగ్గర రెండు గంటలు వాదన నడిచింది. వేలం వేద్దామని కొందరు, చీటీలు వేద్దామని కొందరు. చివరకు ఆవులు ఎక్కువ, పొలం తక్కువ ఉన్న నాలుగిళ్ళకు మూడెకరాలు ఇచ్చి, మిగిలిన రెండెకరాలకు చీటీలు వేశారు. చీనీ తోట రైతు పేరు చీటీల్లో రాలేదు, మొహం కొంచెం ముడుచుకున్నాడు.

2014 నాటి స్టాంపు పేపరు గడువు జూన్‌లోనే అయిపోయింది. కొత్త నియమాలు మామూలు కాగితం మీదే ఉన్నాయి, స్టాంపు పేపరు మీద అప్పటికి రాసుకోలేదు, ఏడాదికేడాది మాట మీదే నడుపుతున్నారు. 2022లో కొత్త బోర్లు వేసిన ఇద్దరూ మీటింగుకు వచ్చి వెనక కూర్చున్నారు. పైపులో కలవడానికి ఒప్పుకోలేదు. వాళ్ళలో ఒకాయన మాత్రం సాయంత్రం ఆ అమ్మాయిని పిలిచి, తన బోరు మూత తీసి టేపు వేయనిచ్చాడు. బజర్ 63 అడుగుల దగ్గర మోగింది. ఆమె నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి, పైన ఆయన సర్వే నంబరు రాసుకుంది.